మే 12, మంగళవారం: కొండగట్టు పెద్ద జయంతి, నర్సుల దినం, కాళ్ల కిందికొస్తున్న నీడ (జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల)

ఈరోజు 2026 మే 12, మంగళవారం. పరాభవ నామ సంవత్సరం, వైశాఖ మాసం, బహుళ దశమి, పూర్వాభాద్ర నక్షత్రం. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టికి ఈరోజు పంచాంగం సంగతి, పండుగ సంగతి, ఆకాశం సంగతి మూడూ కలిపి మాట్లాడుకుందాం. ఈసారి మూడింటినీ విడదీసి చెప్పడం కుదరదు. ఎందుకో మీకే అర్థమవుతది.

ముందు పొద్దు లెక్క. జగిత్యాలలో ఈరోజు పొద్దు పొడుపు దాదాపు 5 గంటల 41 నిమిషాలకు, పొద్దు గూకుడు 6 గంటల 40కి. కోరుట్లకు, సిరిసిల్లకు ఒక నిమిషం అటూ ఇటూ, అంతే. అంటే పగలు దగ్గర దగ్గర పదమూడు గంటలు. నడిపొద్దు, అంటే సూర్యుడు అందరికన్నా ఎత్తుకు ఎక్కే గడియ, 12 గంటల 11 నిమిషాలకు. గడియారంలో పన్నెండు కొట్టంగనే నడిపొద్దు కాదు. మన దేశపు టైము 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన పెట్టిన్రు, మనం దానికి పడమట 79కి దగ్గర్ల ఉన్నం, అందుకే ఆ పది పదకొండు నిమిషాల తేడా.

ఇగ పండుగ. ఈరోజు పెద్ద హనుమాన్ జయంతి. బయటి ఊళ్ల నుంచి చూసేవాళ్లు కొందరు అడుగుతుంటరు, 'హనుమాన్ జయంతి ఏప్రిల్‌లనే అయిపోయింది గదా, మళ్లీ ఇదేంది?' అని. ఉత్తరాదిల చైత్ర పౌర్ణమికి చేస్తరు. తమిళనాడులో మార్గళి నెలలో చేస్తరు. మన దగ్గర వైశాఖ బహుళ దశమి. కొండగట్టు అంజన్న దగ్గర మాత్రం చైత్ర పౌర్ణమి చిన్న జయంతి, వైశాఖ దశమి పెద్ద జయంతి, రెండూ ఉన్నయి. రెండిటి నడుమ ఉన్నదే దీక్ష. ఈ ఏడు చైత్ర పౌర్ణమి ఏప్రిల్ 2న వచ్చింది. ఆరోజు మాల వేసుకున్న స్వాములకు లెక్కబెట్టుకోండి, ఈరోజుకు సరిగ్గా 41వ రోజు. పైగా మంగళవారం, అంజన్న వారం. సోమవారం వేములవాడ రాజన్నను చూసి మంగళవారం కొండగట్టు ఎక్కే అలవాటు మన వాళ్లకు ఎట్లాగూ ఉన్నదే. అన్నీ ఒక్కరోజే కలిసినయి.

కాబట్టి నిన్న రాత్రి నుంచే సడకుల మీద కాషాయం కనపడుతుంటది. జగిత్యాల నుంచి కొండగట్టు పదిహేను కిలోమీటర్ల పైచిలుకు, ఒక పూట నడక. కోరుట్ల నుంచి జగిత్యాల మీదుగా నలభై దాకా పడుతది. సిరిసిల్ల వాళ్లు వేములవాడ మీదుగా వస్తరు, వాళ్లకు ఇంకొంచెం ఎక్కువే. దీక్షలో ఉన్నోళ్లకు చెప్పులు ఉండవు. నెత్తిమీద ఇరుముడి, కాళ్లకింద తారు.

ఇక్కడికి ఆకాశం ముచ్చట వచ్చి కలుస్తది.

సూర్యుడు ఏడాదికి రెండుసార్లు మన నెత్తికి నిట్టనిలువుగా వస్తడు. కర్కటరేఖకు, మకరరేఖకు నడుమ ఉన్న ఊళ్లన్నిటికీ ఇది ఉన్నదే. ఆరోజు నడిపొద్దున నిలువుగా పెట్టిన వస్తువుకు పక్కకు నీడ పడదు. శూన్య నీడ దినం అని బళ్లల్ల చెప్తున్నరు. హైదరాబాద్‌కు మే 9న అయిపోయింది. సిరిసిల్లకు రేపు, మే 13. కొండగట్టుకు ఎల్లుండి, 14. జగిత్యాలకు, కోరుట్లకు 15. మే నడుమ సూర్యుడు రోజుకు పావు డిగ్రీ లెక్కన ఉత్తరానికి జరుగుతడు. భూమ్మీద కొలిస్తే అది 27 కిలోమీటర్ల దాకా. అంటే సిరిసిల్ల నుంచి బయల్దేరి, ఒకరోజు కొండగట్టు దగ్గర ఆగి, మర్నాడు జగిత్యాల చేరుకునే నడక. స్వాములు నడిచే చాలే ఇంచుమించు ఇది. కాకపోతే రెండు మూడు రోజులు ఆలస్యంగా వస్తున్నడు.

ఈరోజైతే పూర్తిగా శూన్యం కాదు, కానీ తేడా చూస్తే నవ్వొస్తది. జగిత్యాలలో ఆరడుగుల గుంజ పాతితే మధ్యాహ్నం 12:11కి దాని నీడ రెండు సెంటీమీటర్లు. సిరిసిల్లలో ఒక్క సెంటీమీటరు కూడా ఉండదు.

దీన్ని పిల్లలకు వింతగా చూపించొచ్చు, చూపించాలె కూడా. రేపు సిరిసిల్ల వాళ్లు ఒక చెంబో, గ్లాసో చదునైన బండమీద బోర్లించి 12:05 నుంచి 12:15 దాకా చూడండి. గాలికి కదలనిది, అంచులు నిలువుగా ఉన్నది తీసుకోండి. కిందికి సన్నగ, పైకి వెడల్పుగ ఉన్నదైతే కుదరదు. ఎండల నిలబడకుండ మీరు అరుగుమీద ఉండి గ్లాసును మాత్రం ఎండల పెట్టండి. సూర్యుడి దిక్కు నేరుగా చూడొద్దు, నల్లద్దాలు పెట్టుకున్నా సరే.

కానీ వింత ఒకటి, నడిచే మనిషికి దాని అర్థం ఒకటి. మామూలు రోజుల్ల మధ్యాహ్నం పూట గోడ పక్కకు ఒదిగితే జానెడు నీడ దొరుకుతది. బస్సు పక్కన నిలబడితే నీడ. కరెంటు స్తంభం నీడల తల దాచుకునేవాళ్లను చూసినం. ఈ వారం నడిపొద్దు ప్రాంతంల గోడకు నీడ లేనట్టే, బస్సుకు నీడ లేనట్టే. నెత్తిమీద కప్పు ఉంటేనే నీడ, చెట్టు కిందికి పోతేనే నీడ. జగిత్యాల నుంచి కరీంనగర్ పోయే హైవే మీద ఆ చెట్టు ఎంత దూరానికి ఒకటి ఉన్నదో ఆ దారిన పోయేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. బాట వెడల్పు చేసినప్పుడల్లా పోయేవి ముందు చింతలు, వేపలు, మర్రులే. మళ్లీ నాటినవి ఎదిగేసరికి ఒక తరం పడుతది.

తారు గురించి ఒక మాట. గాలి వేడి 42 ఉన్నదని ఫోన్ చూపిస్తది. అది నీడలో, నేలకు మనిషి తల ఎత్తులో కొలిచిన లెక్క. అదే ఎండల కాగిన నల్ల తారు 60 డిగ్రీలు దాటుతది. ఆ వేడికి అరికాలు బొబ్బ లేవడానికి నిమిషాలు చాలు. భక్తి ఉన్నోళ్లకు కాళ్లు కాలవు అనే మాట నాకైతే నచ్చదు. కాళ్లు కాలుతయి, వాళ్లు ఓర్చుకుంటరు. ఓర్చుకునేవాళ్లకు తడి గోనెసంచి పరిస్తే పుణ్యమే గదా.

కొండగట్టు స్థలపురాణం తెలిసినవాళ్లకు గుర్తుండే ఉంటది. కొన్ని వందల ఏండ్ల కింద కొడిమ్యాల దిక్కు సింగం సంజీవుడు అనే పశువుల కాపరి తప్పిపోయిన పశువును వెతుకుతూ ఈ గుట్టల్లకు వచ్చిండు. అలిసిపోయి చెట్టుకింద నిద్రపోయిండు. కలలో స్వామి కనపడి, నేనిక్కడ కోరంద పొదల్ల ఉన్న, నాకు ఎండ నుంచి, వాన నుంచి, ముండ్ల నుంచి కాపుదల చెయ్యి, నీ పశువు జాడ నేను చెప్త అన్నడట. కథలో నాకు నచ్చే సంగతి ఇదే. పసితనంలో సూర్యుణ్ని చూసి పండు అనుకొని ఎగిరిన దేవుడాయన. ఆయన కూడా మన గుట్టల్లకు వచ్చేసరికి ఎండకు తాళలేక ఒక పశువుల కాపరిని నీడ అడిగిండు. కలగన్న ఆ కాపరి కూడా అప్పుడు ఉన్నది చెట్టు నీడలోనే.

నడిచేవాళ్లకు ఇగ సూటిగా చెప్పేది. పగలు పది దాటినంక సాయంత్రం ఐదు దాకా బాటమీద ఉండొద్దు. పన్నెండుకే ఎండ ఎక్కువ అనుకుంటం గానీ సూర్యుడు నెత్తిమీద ఉన్న గడియకు, వేడి ఎక్కువయ్యే గడియకు రెండు మూడు గంటల తేడా ఉంటది. నేల కాగాలె, నేల మీది గాలి కాగాలె. అందుకే రెండున్నర, మూడున్నర నడుమ ఎక్కువ వేడి. 'ఒంటిగంట దాటింది గదా, ఇగ తగ్గుతది' అని లేచి నడక మొదలుపెట్టేవాళ్లే ఎక్కువగా దెబ్బతింటరు.

రాత్రి నడిస్తే ఇంకో ప్రమాదం. బహుళ దశమి కాబట్టి నిన్న రాత్రి చంద్రుడు పొడిచింది రెండు గంటల ప్రాంతంలో. ఈ రాత్రి దర్శనం చేసుకొని తిరిగి నడిచేవాళ్లకు ఇంకా ఆలస్యం. అప్పటిదాక చిమ్మచీకటే. హైవే మీద లారీలు, ఇసుక ట్రాక్టర్లు, పెండ్లి కార్లు. గుంపుగా నడవండి, ఎదురుగా వచ్చే బండి కనపడేటట్టు కుడి అంచున నడవండి, చేతిల టార్చి ఉండాలె. ఇరుముడికి వెనుక మెరిసే స్టిక్కర్ ఒకటి అంటించుకోండి, దేవుడు ఏమీ అనుకోడు.

సెలవుల సంగతి. బడులకు ఎండాకాలం సెలవులు నడుస్తున్నయి, మామూలుగా జూన్ 12కు తెరుస్తరు. సిరిసిల్ల మరమగ్గాల మీద పనిచేసే మనిషికి, కోరుట్ల, జగిత్యాల దిక్కు ఇంట్ల కూసోని బీడీలు చుట్టే అక్కకు మాత్రం సెలవు అంటే కూలి పోవుడే. మగ్గానికి మీటరు లెక్క, బీడీకి వెయ్యి లెక్క. రేకుల షెడ్డు కింద సాంచాలు నడుస్తుంటే లోపల వేడి బయటికన్నా తక్కువ ఉండదు. నీడ ఉన్నది, గాలి లేదు. గాలి పొడిబారితే పోగు ఊకె తెగుతది, తెగినప్పుడల్లా సాంచ ఆపి ముడెయ్యాలె, ఆ టైముకు పైసలు రావు. బీడీలు చుట్టే ఇండ్లల్లోనూ ఇదే బాధ. తునికాకు ఎండకు పెళుసైతది, తడిబట్టల చుట్టిపెట్టినా మధ్యాహ్నానికి పగులుతది, మళ్లీ తడపాలె. ఎండ దెబ్బ అంటే మనకు బాటమీద పడిపోయిన మనిషే గుర్తొస్తడు. ఇంట్ల కూసోని రోజుకు ఇన్ని వందల బీడీలు తక్కువ చుట్టిన మనిషి ఎవరి లెక్కలకూ ఎక్కదు.

రేకుల ఇండ్లవాళ్లకు ఒక ఉపాయం, ఈ ఆకాశం లెక్కలోంచే వచ్చింది. ఈ నెల 15 దాటినంక జులై చివరి దాకా నడిపొద్దున సూర్యుడు మనకు ఉత్తరం దిక్కు ఉంటడు. నీడ దక్షిణానికి పడుతది. అంటే మీ ఇంటి ఉత్తరం గోడకు కొత్తగ ఎండ తగులుతది. నీళ్ల రంజన్ ఉత్తరం వసారాల పెట్టినవాళ్లు దక్షిణం దిక్కు మార్చుకోండి. జులై 29, 30 ప్రాంతంల సూర్యుడు తిరుగు బాటల మళ్లీ నెత్తిమీదికి వస్తడు గానీ అప్పుడు మొగులు చాటున ఎవరికీ కనపడడు.

మే 12 నాడు ప్రపంచంలో జరిగినవాటిల ఈరోజుకు పనికొచ్చేది ఒకటున్నది. 1820లో ఈరోజే ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టింది. ఊరి పేరే బిడ్డకు పెట్టిన్రు. క్రిమియా యుద్ధంల గాయాల కన్నా మురికి వల్ల, రోగాల వల్ల సిపాయిలు ఎక్కువమంది చస్తున్నరని అంకెలు వేసి, బొమ్మలు గీసి చూపించింది. ఆమె ఇండియాకు ఎన్నడూ రాలేదు. అయినా ఇక్కడి నీళ్లు, మురుగు, కరువుల గురించి ఏండ్ల తరబడి రాసింది, గోదావరి మీద ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ వాదనకు మద్దతు ఇచ్చింది. ఆమె పుట్టినరోజునే 1974 నుంచి అంతర్జాతీయ నర్సుల దినంగా జరుపుతున్నరు. ఈరోజు కొండ కింద మెడికల్ క్యాంపుల ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచే నర్సమ్మలకు, ఏఎన్ఎంలకు, ఆశా అక్కలకు అదే పండుగ, డ్యూటీ మీదనే.

ఇంకొకటి, మన తెలుగాయన ముచ్చట. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టిండు. ఆయన పుట్టినరోజు కొందరు మే 11 అని, కొందరు 12 అని రాస్తరు. పుట్టింది అర్ధరాత్రి పన్నెండున్నరకు. ఇంగ్లిష్ లెక్కల తారీకు మారింది, మన లెక్కల ఇంకా తెల్లారలేదు, అందుకని పాత రోజే. ఈరోజు కూడా చూడండి, దశమి పగలే వెళ్లిపోయి ఏకాదశి వస్తది. అయినా పొద్దు పొడిచినప్పుడు ఉన్నది దశమి కాబట్టి జయంతి ఈరోజే.

వడదెబ్బ గురించి రెండు నిమిషాలు. చెమట పట్టి, కాళ్లు గుంజి, తల తిరిగితే అది మొదటి మెట్టు. నీడకు తీసుకపోయి నీళ్లు, ఉప్పేసిన సల్ల, అంబలి తాగిపించాలె. ఓఆర్ఎస్ లేకపోతే లీటరు మంచినీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి, చిన్న చెంచా లెక్క. రెండో మెట్టు వేరు. మనిషి తిక్కతిక్కగా మాట్లాడినా, పిలిస్తే సరిగ పలకకపోయినా, ఒళ్లు పొయ్యిలెక్క కాలినా 108కి ఫోన్ చెయ్యాలె. అది వచ్చేదాక ఒళ్లంత నీళ్లు పోసి, తడిబట్ట కప్పి విసరాలె. సోయి లేని మనిషి నోట్ల నీళ్లు పొయ్యొద్దు, ఊపిరితిత్తులకు పోతయి. ఒళ్లు కాలుతున్నది గదా అని జ్వరం గోలీ వేస్తే పనిచెయ్యదు.

ఇది చెప్పడం కష్టంగనే ఉన్నది గానీ చెప్పాలె. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వడగాలులను, వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. వడదెబ్బతో చనిపోయిన మనిషి కుటుంబానికి 4 లక్షల రూపాయల పరిహారం. మన ఊళ్లల్ల ఏమైతున్నదంటే, పెద్దమనిషి మధ్యాహ్నం కల్లం కాడి నుంచి వచ్చి మంచంల పడి పోతే 'గుండె ఆగింది' అనుకొని సాయంత్రానికి కార్యం చేస్తున్నరు. కాయితం ఉండదు. తర్వాత ఎవరిని అడిగినా రుజువు ఏదంటరు. అనుమానం ఉంటే ముందే దవాఖానాకు, తహసీల్దార్ ఆఫీసుకు, పోలీసులకు తెలియజెయ్యండి. ఆ దుఃఖంల ఇది తోచదు, అందుకే పక్కింటివాళ్లు తోడుండి చెయ్యాలె.

ఆకాశంల సాయంత్రం సంగతి. ఇప్పుడు నడుస్తున్నది కృత్తిక కార్తె, 25 నుంచి రోహిణి. రోళ్లు పగిలే కార్తె అని పెద్దలన్నది ఊరికే కాదు. సూర్యుడు నెత్తిమీదికి వచ్చింది ఈ వారమే అయినా, నేల తడి అంత ఆరి, వేడి పోగయ్యేది ఆ రెండు వారాలల్ల. వాతావరణ శాఖ లెక్కల మైదాన ప్రాంతంల 45 డిగ్రీలు తాకితే వడగాలి కిందికే వస్తది. ఈ కాలంల ధర్మపురి దిక్కు ఆ అంకె మనకు కొత్తది కాదు.

ఇంత కాగినప్పుడే మూడు నాలుగింటికి పడమట కోట కట్టినట్టు మొగులు లేస్తది. ముందు గాలిదుమారం, ఆ వెనుక ఉరుములు, ఒక్కోసారి రాళ్లవాన. చల్‌గల్ మార్కెట్‌కు పోవాల్సిన మామిడి కాయ ఆ ఒక్క గాలికి తోటలనే రాలుతది. కొనుగోలు సెంటర్ల కాడ వడ్లు ఆరబోసినవాళ్ల గోస ఇంకొక తీరు. తేమ 17 శాతం దాటొద్దంటే ఈ ఎండే కావాలె, గంట వాన పడితే మళ్లీ మొదటికి. కాబట్టి ఎండను తిట్టుకుంటనే ఎండ కోసం మొక్కేది రైతే. పొద్దున లేవంగనే వాతావరణ శాఖ బులెటిన్ల మీ జిల్లాకు ఏ రంగు ఇచ్చిన్రో చూడండి, పసుపో నారింజో కనపడితే టార్పాలిన్ కుప్ప పక్కనే పెట్టుకోండి. ఉరుము వినపడితే మాత్రం చెట్టుకింద నిలబడొద్దు. మధ్యాహ్నం ప్రాణం కాపాడిన చెట్టే సాయంత్రం పిడుగును పిలుస్తది.

మొగులు లేకపోతే పొద్దు గూకినంక పడమర చూడండి. బాగా మెరిసేది శుక్రుడు, మనవాళ్లు చుక్క అనేది. దానికి పైన గురువు. రోజురోజుకు రెండూ దగ్గరికి జరుగుతున్నయి, జూన్ 9 ప్రాంతంల పక్కపక్కన కనపడుతయి.

పెండ్లిళ్లు పెట్టుకున్నవాళ్లకు ఒక గుర్తు. 16న అమావాస్య, 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. ఆలోపలే కానిద్దామని ఈ మూడు నాలుగు రోజుల్ల హడావుడి ఎక్కువ ఉంటది. మధ్యాహ్నం ముహూర్తమైతే బరాతు కాడ బ్యాండు వాయించే పిల్లలకు, వంట కాడ ఉన్నోళ్లకు ముందు నీళ్లు పంపియ్యండి, ఆ తర్వాత వీడియో తీసుకోవచ్చు.

రేపు మే 13, బుధవారం, ఏకాదశి. సిరిసిల్లలో 12:11కి గ్లాసు పెట్టి చూసినవాళ్లు ఫొటో పంపండి, ఊరి పేరు, టైము రాయండి. కోరుట్ల, జగిత్యాల వాళ్లు శుక్రవారం దాకా ఆగాలె.